రంగు డబ్బా మూత తీయకముందే

ప్లాస్టిక్ మోడల్ కిట్‌ను అందరూ పెట్టె మీది బొమ్మ చూసే కొంటారు. ఆ బొమ్మలో కంటికి ఆనేదంతా రంగే కాబట్టి, పనితనమంతా అక్కడే ఉందనుకోవడం సహజం. కొత్తవాళ్ల డబ్బూ ఆత్రమూ అటే పోతాయి. ఎయిర్‌బ్రష్ ఏది కొనాలి, ఎవరి రంగులు మంచివి అని మొదలెడతారు. కానీ మోడల్ బాగుపడేదీ, చెడిపోయేదీ రంగు డబ్బా మూత తీయకముందే. కొలతలు చూస్తే ఈ సంగతి తేలిపోతుంది.

బ్రిటన్‌లో ఎయిర్‌ఫిక్స్ కంపెనీ 1950ల్లో తొలి స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం కిట్ తెచ్చింది. 1/72 స్కేలు (అసలులో 72వ వంతు) స్పిట్‌ఫైర్ ఇప్పటికీ కొత్తవాళ్లకు తగిన కిట్టే. అసలు విమానం రెక్కల చివరి నుంచి చివరికి 11.23 మీటర్లు, మోడల్‌లో అది పదిహేనున్నర సెంటీమీటర్లు. అతుకు దగ్గర అర మిల్లీమీటరు ఎత్తు మిగిలిందంటే, అసలు విమానం మీద 3.6 సెంటీమీటర్ల గట్టు కట్టినట్టే. స్పిట్‌ఫైర్ తయారీదార్లు సూపర్‌మెరైన్ వాళ్లకు నునుపు విలువ బాగా తెలుసు. రివెట్ల తలలు ఉబ్బెత్తుగా ఉంటే ఏమవుతుందో చూద్దామని బఠానీ బద్దలు జిగురుతో అంటించి మరీ ఎగరేశారు. వేగం గంటకు 22 మైళ్లు తగ్గింది! రంగు లెక్కా అంతే. మిల్లీమీటరులో పదో వంతు మందాన పూస్తే అసలు విమానానికి ఏడు మిల్లీమీటర్ల పూత వేసినట్టు. ఒకేసారి దట్టంగా పూయకుండా, పలచగా రెండు మూడు పూతలు వేయమనేది అందుకే.

ముక్కను అది అంటుకుని వచ్చే ఫ్రేమ్ నుంచి చేత్తో తుంచితే గుంట పడుతుంది. నిప్పర్‌తో ఓసారి కాస్త ఎడంగా, మరోసారి దగ్గరగా కత్తిరించి, మిగిలిన బొడిపెను బ్లేడుతో, ఎమరీ పేపర్‌తో తీసేయాలి. ఇక అతకడం. మోడల్ సిమెంట్ అనేది ఒక ద్రావకం. ప్లాస్టిక్‌ను కరిగించి రెండంచుల్ని ఒకటి చేస్తుంది. రెండు సగాల్నీ ఆనించి పట్టుకుని, పలచటి సిమెంట్‌ను బ్రష్ కొసతో సందుకు తాకిస్తే చాలు, అదే పొడవునా పాకుతుంది. కొద్దిగా నొక్కితే కరిగిన ప్లాస్టిక్ సన్నటి గీతగా పైకి ఉబుకుతుంది. పాడైపోయిందని కంగారుపడి తుడిచేస్తారు చాలామంది. తుడవకుండా ఒక రోజు ఆరనిచ్చి గీకితే అతుకు కనబడదు. ఇంకా సందు మిగిలితే లప్పం, ఆపైన ప్రైమర్. గోడలకు రంగులేసే మేస్త్రీలకైతే ఈ వరస ఎవరూ చెప్పనక్కర్లేదు. సూపర్‌గ్లూ త్వరగా పట్టేస్తుంది గానీ, దాని ఆవిరికి కాక్‌పిట్ అద్దం తెల్లగా మసకబారుతుంది.

డెకాల్స్, అంటే మోడల్ మీద అంటించే గుర్తుల దగ్గరా ఇదే కథ. నిజాం విరాళానికి గుర్తుగా హైదరాబాద్ పేరు పెట్టుకుని, చిహ్నంలో ఆయన తలపాగాను చేర్చుకున్న బ్రిటిష్ వాయుసేన 152వ స్క్వాడ్రన్ 1940లో బ్రిటన్ గగనతల యుద్ధంలో స్పిట్‌ఫైర్లే నడిపింది. ఆ విమానాల పక్కల ఉండే ‘యూఎం’ అక్షరాల్ని గరుకు మ్యాట్ రంగు మీద అంటిస్తే, కింద గాలి చిక్కి పొర తెల్లగా మెరుస్తుంది. ముందు నిగనిగలాడే వార్నిష్ వేసి, డెకాల్ అంటించి, ఆఖర్న మ్యాట్ వార్నిష్ పూస్తే పెయింట్ చేసినట్టే ఉంటుంది.

ఫ్యాక్టరీలో పోసిన ముక్కలు అతికించడం కూడా ఒక పనేనా అంటారు కొందరు. ముక్కలు ఫ్యాక్టరీవే, అతుకులు ఎవరివి? ఒకే కిట్ ఇద్దరు కడితే తేడా వచ్చేది అక్కడే. ఎయిర్‌బ్రష్ లేకుండా నున్నటి పూత రాదన్న వాదనలో కొంత నిజముంది. బ్రష్ కన్నా అది సమంగా, పలచగా వేస్తుంది. అయితే పూత ఎంత పలచనైతే కింది గీత అంత స్పష్టంగా బయటపడుతుంది. ఎమరీ సరిగా పట్టనివాడికి ఎయిర్‌బ్రష్ చేసే మేలు శూన్యం. పైగా స్ప్రే చేస్తే మాస్కు, గాలి పోయే ఏర్పాటు కావాలి; సిమెంట్‌కూ కిటికీ తెరిచే ఉంచాలి. మొదటి కిట్‌కు నిప్పర్, బ్లేడు, మూడు రకాల ఎమరీ, సిమెంట్, ప్రైమర్, రెండు మంచి బ్రష్‌లు, నాలుగైదు రంగులు, వార్నిష్‌లు సరిపోతాయి. ఎయిర్‌బ్రష్ కంప్రెసర్‌కు పెట్టే డబ్బుతో మరో రెండు చిన్న కిట్లు కొనుక్కోవడం మేలు.