మల్టిపుల్ స్క్లెరోసిస్ గమనం: రక్తంలోని జీవసూచికలు

మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో దేహరక్షక వ్యవస్థే మెదడు, వెన్నుపాములలోని నాడీతంతువుల మైలిన్ తొడుగును దెబ్బతీస్తుంది. తంతువు కూడా గాయపడినపుడు అందులోని న్యూరోఫిలమెంట్ లైట్ చైన్ అనే ప్రోటీన్ వెన్నుద్రవంలోకి, అక్కడినుండి అతిస్వల్పంగా రక్తంలోకి చేరుతుంది. మిల్లీలీటరుకు కొద్ది పికోగ్రాములే ఉండే దీనిని సిమోవా వంటి పద్ధతులు కొలవగలుగుతున్నాయి. దీని పెరుగుదల ప్రస్తుత శోథను, వ్యాధి తిరగబెట్టే అవకాశాన్ని సూచిస్తుంది. అమెరికా సైనికులపై 2020లో వెలువడిన అధ్యయనంలో లక్షణాలకు సుమారు 6 ఏళ్ల ముందే ఈ పెరుగుదల కనిపించింది. ఆస్ట్రోసైట్ కణాలకు చెందిన జి.ఎఫ్.ఎ.పి. మాత్రం నెమ్మదిగా ముదిరే వైకల్యంతో ఎక్కువ సంబంధం చూపుతున్నది.

అయితే ఈ అంకెను యథాతథంగా చదవరాదు. వయస్సుతో, మూత్రపిండాల బలహీనతతో అది పెరుగుతుంది. స్థూలకాయుల్లో తక్కువగా కనిపిస్తుంది. పాశ్చాత్య ప్రమాణాలను గద్వాల వ్యవసాయ కూలీకి నేరుగా అన్వయించడం సమంజసం కాదు.

వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్యకళాశాలలు మొదలయ్యాయి. అక్కడ ముందుగా అందవలసిన రక్తపరీక్ష బహుశా వేరొకటి: ఆక్వాపోరిన్-4 ప్రతిదేహ పరీక్ష. చూపు మందగించి, కాళ్లు చచ్చుబడి వచ్చిన వ్యక్తిది న్యూరోమైలైటిస్ ఆప్టికా అయితే, మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు వాడే ఇంటర్‌ఫెరాన్ బీటా, ఫింగోలిమాడ్ వంటి మందులు రోగాన్ని ముదిరించవచ్చు. న్యూరోఫిలమెంట్ ఈ రెంటినీ వేరుచేయలేదు. రెండింటిలోనూ అది పెరుగుతుంది.