పరిశీలకుడు అనగా ఎవరు?

భౌతికశాస్త్ర పాఠములలో 'పరిశీలకుడు' అను మాట తరచుగా వచ్చును. చూచి గమనించు మనిషి అని దాని వాడుక అర్థము. ఆ అర్థముతోనే పాఠము చదివిన విద్యార్థి, శాస్త్రఫలితములు చూచువాని మనస్సును బట్టి మారునని భ్రమపడవచ్చును. ఈ మాట అర్థము ఎట్లు మారినదో తెలిసికొన్నచో ఆ భ్రమ తొలగును.

మొదట పరిశీలకుడు నిజముగా మనిషియే. ఇంగ్లండులోని గ్రీనిచ్ వేధశాలలో, నక్షత్రము దూరదర్శినిలోని సన్నని తీగను దాటు క్షణమును, గడియారపు చప్పుడు వినుచు కంటితో అంచనా వేసి వ్రాసెడివారు. 1796లో అచటి ప్రధాన ఖగోళజ్ఞుడు మాస్కెలిన్, తన సహాయకుడు కిన్నెబ్రూక్ గుర్తించు కాలములు తన కాలములకంటె సుమారు 0.8 సెకను ఆలస్యముగా ఉన్నవని అతనిని ఉద్యోగమునుండి తొలగించెను. 1820 ప్రాంతమున జర్మనీ ఖగోళజ్ఞుడు బెస్సెల్ ఈ విషయమును పరిశోధించి, ఆరితేరినవారి మధ్య కూడ ఇట్టి తేడాలుండునని కనుగొనెను. కిన్నెబ్రూక్ ఆలస్యము అజాగ్రత్త కానక్కరలేదు. కన్ను, చెవి కలిసి పనిచేయుటలో మనిషికి మనిషికి భేదము కలదు. అప్పటినుండి ఆ భేదమును లెక్కకట్టి కొలతలనుండి తీసివేయుట మొదలైనది.

1905లో ఐన్‌స్టయిన్ సాపేక్షతా సిద్ధాంతముతో ఈ మాటకు వేరొక అర్థము బలపడినది. సమవేగముతో పోవు రైలుబండిలో ప్రయాణికుడు జారవిడిచిన నిమ్మకాయ అతనికి నిట్టనిలువుగా పడును; ప్లాట్‌ఫారముపై నిలిచినవానికి వంపుదారిలో పడును. తేడా కళ్లలో లేదు, చలనస్థితిలో ఉన్నది. కావున ఇచట పరిశీలకుడనగా ఒక నిర్దేశ చట్రము. అనగా కొలబద్దలు, ఒకదానితో ఒకటి సరిపెట్టిన గడియారములు గల ఏర్పాటు.

విశ్వకిరణముల వలన సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున పుట్టు మ్యూయాను సగటు ఆయుర్దాయము 2.2 మైక్రోసెకనులు. ఆ కాలములో కాంతి సైతము పోగలిగినది సుమారు 660 మీటర్లే. అయినను ఎన్నో మ్యూయానులు నేలను చేరుచున్నవి. భూమి మీది పరిశీలకుని లెక్కలో వాటి ఆయుర్దాయము పెరిగినది; మ్యూయానుతోపాటు పోవు పరిశీలకుని లెక్కలో వాయుమండలపు మందము తగ్గినది. మ్యూయానుపై ఎవరును కూర్చుండలేరు. అయినను ఆ లెక్క సరియైనదే. నేలను చేరు మ్యూయానుల సంఖ్య ఇరువురికిని ఒకటే.

క్వాంటం సిద్ధాంతములో పరిశీలకుని స్థానము పరికరమునకు దక్కును. రెండు చీలికల గుండా ఎలక్ట్రానులను ఒక్కొక్కటిగా పంపినచో తెరపై క్రమముగా వ్యతికరణ పట్టీలు ఏర్పడును. ఏ ఎలక్ట్రాను ఏ చీలికగుండా పోయినదో గుర్తించు పరికరమును అమర్చినచో పట్టీలు మాయమగును. ఆ పరికరము నమోదు చేసినదానిని ఎవరును చదువకున్నను ఫలితమిదియే. కొలతను ఎట్లు వివరింపవలెనను విషయమున శాస్త్రజ్ఞులలో ఇంకను భిన్నాభిప్రాయములు కలవు. కాని మానవుని చూపు వలననే పట్టీలు చెదరునని ప్రయోగము చెప్పుట లేదు.

కావున 'పరిశీలకుడు' అను మాట ఎదురైనపుడు, అది మనిషియా, నిర్దేశ చట్రమా, పరికరమా అని మొదట ప్రశ్నించుకొనవలెను. ఆ ప్రశ్నకు సమాధానము తెలిసినచో పాఠములో సగము చిక్కు విడిపోవును.