ఋతుచక్రము – ఇంటి దినచర్య

మధ్యతరగతి ఇంటి వంటగది గోడకు తగిలించిన క్యాలెండరును చూచినచో ఆ సంసారమంతయు తెలియును. పాలవాడు రాని రోజులు, గ్యాసు బండ మార్చిన తేదీ, చీటీ కట్టవలసిన రోజు, ఏకాదశి, సంకటహర చతుర్థి అన్నియు దానిపై ఉండును. అయితే "కిందటిసారి నెలసరి ఎప్పుడు వచ్చిందమ్మా?" అని నేను అడిగినప్పుడు ఆ లెక్కలన్నియు వ్రాసిన ఇల్లాలే తడబడును. "సంక్రాంతి వెళ్ళిన వారం కాబోలునండీ" అనును. ప్రక్కనున్న భర్త కిటికీ వైపు చూచును.

ఆ తేదీతో వైద్యునకు చాలా పని కలదు. నెలకొకసారి వచ్చి, జిగట, మంట, నొప్పి లేక, అయిదు రాత్రులు ఉండి, మరీ ఎక్కువ గాని మరీ తక్కువ గాని కానిది శుద్ధమైన ఆర్తవమని చరకసంహిత చెప్పుచున్నది. 21 నుండి 35 రోజులకొకసారి వచ్చి, 2 నుండి 7 రోజులు ఉండుట సహజమని నేటి వైద్యము చెప్పును. ఈ రెండు లెక్కలకు పెద్ద దూరము లేదు. కనుక మొదలైన రోజున ఒక చుక్క, ఆగిన రోజున ఒక చుక్క పెన్సిలుతో ఆ క్యాలెండరుపైననే పెట్టుకొనుడు. మూడు నెలల చుక్కలు తెచ్చిన రోగి విషయములో నాడి పట్టుకొనక ముందే సగము సంగతి నాకు తెలిసిపోవును.

ఇక మొదటి మూడు రోజుల సంగతి. రజస్వలాచర్యయందు పెద్దలు నేతితో కూడిన తేలిక ఆహారము, పాలతో వండిన యవలు చెప్పి, శ్రమను నిషేధించిరి. గురుకులములో ఈ పాఠము చదివిన నాటి నుండి నా అభిప్రాయమొక్కటే: అది స్త్రీకి ఇచ్చిన సెలవు. మన ఇండ్లలో ఆ సెలవును అంటుగా మార్చితిమి. చాప, చెంబు వేరు చేసి మూలన కూర్చుండబెట్టి, పెరటి చాకిరి మాత్రము ఆమెతోనే చేయించిన ఇండ్లను నేనెరుగుదును. ఈనాడు చాలా ఇండ్లలో ఆ మూల పోయినది. మంచిదే. దానితోపాటు విశ్రాంతియు పోయినది! తెల్లవారుజామున లేచి, పిల్లలకు క్యారేజీలు కట్టి, బస్సులో నిలబడి ఆఫీసుకు వెళ్ళు కోడలికి మొదటి రెండు రోజులు వంటపని తప్పించుట ఏ అరిష్టము కన్నను మేలైన వైద్యము. అత్తగారలు, భర్తలు ఈ మాట గ్రహించవలెను.

ఆ రోజులలో స్నానము కూడదని గ్రంథములలో ఉన్నది. నేను నా రోగులకు ఆ నియమము చెప్పను. గోరువెచ్చని నీటితో స్నానము చేయవలెను. ప్యాడు నాలుగు నుండి ఆరు గంటలకొకసారి మార్చవలెను. గుడ్డ వాడువారు దానిని సబ్బుతో ఉతికి ఎండలోనే ఆరవేయవలెను; సిగ్గుపడి చీర క్రింద దాచి ఆరవేసినచో తేమ నిలిచి దురదలు, వ్యాధులు వచ్చును.

మలమూత్రములను, ఆర్తవమును క్రిందికి నడిపించునది అపానవాయువు. దాని దారికి అడ్డు తగిలినచో నొప్పి తప్పదు. మలబద్ధకము ఉన్నవారికి నడుము నొప్పి ఎక్కువగా ఉండుటను నేను తరచుగా చూచుచున్నాను. ఉపాధ్యాయినులు, ఆఫీసులలో పనిచేయు స్త్రీలు సరియైన మరుగుదొడ్డి లేక ఉదయము నుండి సాయంత్రము వరకు మూత్రము ఆపుకొందురు. అందుకోసము నీరు త్రాగుటయే మానుదురు. వేగములను ఆపుట రోగకారణమని వాగ్భటుడు ఒక అధ్యాయమే చెప్పెను. దీనికి మందు నా వద్ద లేదు, పాఠశాలలో తలుపున్న మరుగుదొడ్డి కావలెను.

నొప్పి సామాన్యముగా ఉన్నచో అరచెంచా శొంఠిపొడిని గ్లాసు నీటిలో సగమగునట్లు కాచి, కొంచెము బెల్లముతో రోజుకు రెండుసార్లు త్రాగవచ్చును. పొత్తికడుపుపై వేడినీటి సంచి కాపడము పెట్టవచ్చును. తేదీకి వారము ముందు నుండి నిమ్మకాయంత చిమ్మిలి తినుట మన ఇండ్లలో ఉన్నదే. స్రావము అధికముగా ఉన్నవారు, ఒంట్లో వేడి, మంట ఉన్నవారు శొంఠిని, నువ్వులను మానవలెను. మధుమేహము ఉన్నవారు బెల్లము వాడరాదు.

అధికస్రావమునకు అశోకపట్ట ప్రసిద్ధము. అయితే కాంపౌండు గోడల వెంట నిటారుగా పెరుగు చెట్టును అశోకమని పిలుచుట వాడుకయైనది. అది నరమామిడి. ఒక పెద్దమనిషి దాని బెరడు చెక్కి కషాయము కాచి, భార్యకు నెలరోజులు త్రాగించి, "మీ ఆయుర్వేదం పనిచెయ్యలేదండీ" అని నాతోనే అనెను!

అసలైన అశోకముతోనే నేను చేసిన పొరపాటు కూడ చెప్పవలెను. చాలా ఏండ్ల క్రిందట ఒక ఉపాధ్యాయిని నెలలో పదిహేను రోజులు స్రావమగుచున్నదని వచ్చినది. కషాయము ఇచ్చితిని. కొంత తగ్గినది. ఆమె సంతోషించినది, నేనును సంతోషించితిని. మూడవ నెలలో ఆమె తరగతిలోనే తెలివితప్పి పడిపోయినది. ఆసుపత్రిలో పరీక్షించగా హిమోగ్లోబిను 6, గర్భాశయములో కణితి. రక్తమెక్కించి, శస్త్రచికిత్స చేసిరి. ఆమె బ్రతికినది, నన్నొక్క మాట అనలేదు. మొదటి వారమే పరీక్షకు పంపవలసినది నేను. ఆనాటి నుండి అధికస్రావముతో వచ్చిన ఏ స్త్రీకైనను మొదటి చీటీలో రక్తపరీక్ష, స్కానింగు వ్రాయుచున్నాను, మందు ఆ తరువాతనే.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. గర్భవతి కాని స్త్రీకి హిమోగ్లోబిను 12కు తగ్గరాదు. తోటకూర, మునగాకు, రాగులు తినుడు. పప్పులో నిమ్మరసము పిండుకొనుడు. భోజనము కాగానే కాఫీ, టీ త్రాగినచో తిన్న ఇనుము ఒంటబట్టదు. అయితే బాగుగా తగ్గిన రక్తము ఆకుకూరలతోనే నిండదు, వైద్యుడు ఇచ్చిన ఇనుము మాత్రలు వేసికొనవలెను.

గంటకు, రెండు గంటలకు ప్యాడు తడిసినను, స్రావము ఏడు రోజులు దాటినను, 21 రోజుల లోపలనే మరల వచ్చినను, నొప్పి నెలనెలకు పెరుగుచున్నను, మూడు నెలలు రాకపోయినను వంటింటి వైద్యముతో కాలయాపన చేయరాదు. ముట్టు నిలిచి ఏడాది దాటిన తరువాత ఒక్క చుక్క కనిపించినను నా వద్దకు కాదు, నేరుగా స్త్రీవైద్య నిపుణురాలి వద్దకు ఆ వారములోనే వెళ్ళవలెను.