గాడ్జెట్‌పై బ్యాన్ పడితే కంపెనీ లాయర్లు అసలేం చేస్తారు?

2023 డిసెంబర్ 21. క్రిస్మస్‌కి ఇంకా నాలుగు రోజులే టైముంది. గాడ్జెట్లు బాగా అమ్ముడుపోయే సీజన్ అది. సరిగ్గా అప్పుడే యాపిల్ అమెరికాలోని తన సొంత వెబ్‌సైట్‌లో వాచ్ సిరీస్ 9, వాచ్ అల్ట్రా 2 అమ్మకాలు ఆపేసింది. వారం తిరిగేలోపు అవే వాచీలు మళ్లీ స్టోర్లలోకి వచ్చాయి. ఇంకో మూడు వారాలకు ఒక ఫీచర్ పోయింది. 2025 ఆగస్టులో ఆ ఫీచర్ వేరే రూపంలో తిరిగొచ్చింది.

ఇదంతా చూస్తే ప్రోడక్ట్ టీమ్ కన్‌ఫ్యూజన్‌లో ఉందేమో అనిపిస్తుంది. కానీ ఆ ప్రతి తేదీ వెనకా ఒక లీగల్ డెడ్‌లైన్ ఉంది. నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని, లాయర్‌ని కాదు. అయినా ఈ కేసుల టైమ్‌లైన్లు చదువుతుంటే నాకు బాగా తెలిసిన వాసనే వచ్చింది. ప్రొడక్షన్ డౌన్ అయినప్పుడు మేం చేసే పనికీ, కంపెనీ మునుగుతున్నప్పుడు లాయర్లు చేసే పనికీ చాలా పోలికలున్నాయి. ఆ టైములో రూట్ కాజ్ గురించి ఎవరూ వాదించుకోరు. ముందు డ్యామేజ్ ఎంతవరకు పాకుతుందో చూసి దాన్ని చిన్నది చేస్తారు. అర్జెంట్ లిటిగేషన్‌లో లాయర్ పని కూడా అదే. అసలు కేసు గెలవడానికి ఏళ్లు పడుతుంది. ఈ వారం అమ్మకాలు ఆగకుండా చూడటమే ఈ వారం పని.

మొదటి రూల్: ఏదీ డిలీట్ చేయొద్దు

కేసు రాబోతోందని తెలిసిన వెంటనే లీగల్ టీమ్ నుంచి ఉద్యోగులకు ఒక మెయిల్ వస్తుంది. దాన్ని లీగల్ హోల్డ్ అంటారు. ఈ ప్రోడక్ట్‌కి సంబంధించిన మెయిల్స్, చాట్స్, డిజైన్ డాక్యుమెంట్లు ఏవీ చెరపొద్దు, ఆటో డిలీట్ ఉంటే ఆపేయండి అని దాని సారాంశం. చూడ్డానికి బోరింగ్ మెయిల్. లైట్ తీసుకుంటే ఏమవుతుందో గూగుల్‌ని అడగాలి.

ఎపిక్ గేమ్స్ వేసిన ప్లే స్టోర్ కేసులో ఇదే పెద్ద గొడవైంది. గూగుల్ ఉద్యోగుల చాట్స్‌లో హిస్టరీ ఆఫ్‌లో ఉంటే 24 గంటల్లో మెసేజ్‌లు మాయమయ్యేవి. కేసు నడుస్తున్నా కంపెనీ ఆ సెట్టింగ్‌ని ఉద్యోగుల ఇష్టానికే వదిలేసింది. సాక్ష్యాలను కాపాడాల్సిన బాధ్యతలో గూగుల్ విఫలమైందని 2023 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కో ఫెడరల్ జడ్జి జేమ్స్ డొనాటో తేల్చారు. పోయిన చాట్స్‌లో గూగుల్‌కి ఇబ్బంది కలిగించే విషయాలే ఉన్నాయని మీరు అనుకోవచ్చు అని విచారణ సమయంలో జ్యూరీకి చెప్పారు. ఆ డిసెంబర్‌లో జ్యూరీ ఎపిక్ వైపే తీర్పిచ్చింది. ఆ ఒక్క కారణంతోనే ఓడిపోయారని కాదు. కానీ లేని చాట్ కూడా మనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పగలదని ప్రతి ఇంజినీర్‌కీ తెలియాలి.

రెండో రూల్, ఒకే గొంతు. సీఈఓ ఎక్స్‌లో ఒకటి, కస్టమర్ కేర్ ఇంకొకటి, సర్వీస్ సెంటర్‌లో వేరొకటి చెబితే అవతలి లాయర్‌కి పండగే. కంపెనీ బయటకు చెప్పిన ప్రతి మాటనూ రేపు కోర్టులో ప్రింట్ తీసి పెట్టొచ్చు. అందుకే ఆ స్టేట్‌మెంట్లు అంత చప్పగా ఉంటాయి. “పరిశీలిస్తున్నాం” అనే మాట మనకు ఎగవేతలా వినిపిస్తుంది. తప్పు ఒప్పుకున్నట్టూ ఉండకూడదు, రేపు అబద్ధమని తేలకూడదు అని లాయర్ కూర్చుని కత్తిరించిన తర్వాత మిగిలిన మాట అది.

షావోమీ: 8 రోజుల్లో 100 రూపాయల పరిష్కారం

మన దగ్గర లంచ్ మోషన్, హౌస్ మోషన్ అనే మాటలు వార్తల్లో వింటూనే ఉంటాం. ఉదయం జడ్జి ముందు అర్జెన్సీ చెప్పి అదే రోజు లంచ్ తర్వాత విచారణకు తెచ్చుకుంటే లంచ్ మోషన్. సెలవు రోజున జడ్జి ఇంటి దగ్గరే విచారిస్తే హౌస్ మోషన్. ఎక్కువగా రాజకీయ కేసుల్లో వింటాం కాబట్టి గాడ్జెట్లకు దీంతో పనేముందిలే అనుకుంటాం. పనుంది.

2014 జూలైలో షావోమీ ఇండియాకొచ్చింది. ఫ్లిప్‌కార్ట్ ఫ్లాష్ సేల్స్‌లో సెకన్లలో ఫోన్లు అయిపోయిన రోజులవి. ఆ డిసెంబర్ 8న ఢిల్లీ హైకోర్టు ఎరిక్‌సన్ పిటిషన్‌పై ఎక్స్‌పార్టీ మధ్యంతర ఉత్తర్వులిచ్చింది. ఎక్స్‌పార్టీ అంటే అవతలి పక్షం వాదన వినకుండానే ఇచ్చేది. పేటెంట్లు ఉల్లంఘించాయంటున్న ఫోన్లను దిగుమతి చేయొద్దు, అమ్మొద్దు అని ఆదేశం. మార్కెట్లోకి దిగి ఐదు నెలలు కూడా కాని కంపెనీకి షట్టర్ పడినట్టే.

ఇప్పుడు లాయర్ ఏం చేయాలి? పేటెంట్ చెల్లదని వాదించడం మొదలుపెడితే ఏళ్లు పడుతుంది. షావోమీ తరఫున ధర్మాసనం ముందుకు చిన్న ప్రశ్న వెళ్లింది. ఫోన్లన్నీ ఒకటేనా? రెడ్‌మీ 1ఎస్‌లో క్వాల్‌కామ్ చిప్ ఉంది. అప్పటి రెడ్‌మీ నోట్ 3జీలో మీడియాటెక్ చిప్ ఉంది. క్వాల్‌కామ్‌కి ఎరిక్‌సన్‌తో లైసెన్స్ ఉంది కాబట్టి ఆ చిప్ ఉన్న ఫోన్లనైనా వదలండి అన్నది వాదన. డిసెంబర్ 16న ధర్మాసనం క్వాల్‌కామ్ చిప్ ఫోన్ల అమ్మకానికి తాత్కాలికంగా ఒప్పుకుంది. షరతు ఏంటంటే ఒక్కో ఫోన్‌కి 100 రూపాయలు కోర్టులో డిపాజిట్ చేయాలి.

ఇందులో షావోమీ గెలిచిందా, ఓడిందా? రెండూ కాదు. మీడియాటెక్ ఫోన్లపై ఆంక్ష అలాగే ఉంది, అసలు కేసు అలాగే ఉంది. కానీ మొత్తం బ్యాన్ ఎనిమిది రోజుల్లో సగం బ్యాన్ అయింది. స్పెక్ షీట్‌లో మనం బెంచ్‌మార్క్ స్కోర్ కోసం చూసే చిప్ పేరే అక్కడ కంపెనీని నిలబెట్టింది. లాయర్ పక్కన హార్డ్‌వేర్ తెలిసిన ఇంజినీర్ ఎందుకు కూర్చోవాలో ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఇలాంటి మధ్యంతర ఉత్తర్వు ఇచ్చే ముందు మన కోర్టులు మూడు విషయాలు చూస్తాయి. పైకి చూడగానే కేసులో బలం ఉందా? ఉత్తర్వు ఇస్తే ఎవరికి ఎక్కువ నష్టం, ఇవ్వకపోతే ఎవరికి ఎక్కువ? ఆ నష్టాన్ని తర్వాత డబ్బుతో పూడ్చగలమా? ఆ 100 రూపాయల డిపాజిట్ చివరి రెండు ప్రశ్నలకీ జవాబు. ఎరిక్‌సన్ డబ్బు భద్రం, షావోమీ అమ్మకాలూ సాగుతాయి.

అసలు తెలియకుండానే ఉత్తర్వు రాకుండా ఉండాలంటే కేవియట్ అని ఒక మార్గముంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 148ఏ కింద, మాకు చెప్పకుండా ఏ ఉత్తర్వూ ఇవ్వొద్దు అని ముందే కోర్టులో వేసి ఉంచుకోవచ్చు. 90 రోజులు పనిచేస్తుంది. మా భాషలో చెప్పాలంటే అలర్ట్ సెట్ చేసుకోవడం.

యాపిల్ వాచ్: మూడు ప్లాన్లు ఒకేసారి

ఇక యాపిల్ సంగతి. వాచ్‌లోని బ్లడ్ ఆక్సిజన్ కొలిచే టెక్నాలజీ తమ పేటెంట్లను ఉల్లంఘిస్తోందని మాసిమో అనే మెడికల్ డివైస్ కంపెనీ 2021లో అమెరికా ఇంటర్నేషనల్ ట్రేడ్ కమిషన్‌కి వెళ్లింది. ఈ కమిషన్ నష్టపరిహారం ఇప్పించదు. కానీ సరుకును దేశంలోకి రానివ్వొద్దు అనగలదు. విదేశాల్లో తయారై వచ్చే గాడ్జెట్‌కి అంతకంటే పెద్ద దెబ్బ ఉండదు. 2023 అక్టోబర్ 26న కమిషన్ ఆ మాటే అంది. ప్రెసిడెంట్ దాన్ని సమీక్షించడానికి 60 రోజుల గడువు ఉంటుంది. అది డిసెంబర్ 25తో ముగుస్తుంది.

యాపిల్ ఆ 60 రోజులూ ఒక్క దారిలో నడవలేదు.

మొదటి ప్లాన్, వీటో. 2013లో శాంసంగ్ కేసులో పాత ఐఫోన్, ఐప్యాడ్ మోడళ్లపై పడిన ఇలాంటి బ్యాన్‌నే ఒబామా ప్రభుత్వం కొట్టేసింది. ఈసారి బైడెన్ ప్రభుత్వం జోక్యం చేసుకోలేదు.

రెండో ప్లాన్, కోర్టు. వీటో లేదని డిసెంబర్ 26న తేలింది. అదే రోజు యాపిల్ లాయర్లు ఫెడరల్ సర్క్యూట్ అప్పీల్ కోర్టులో ఎమర్జెన్సీ మోషన్ వేశారు. మర్నాడే తాత్కాలిక స్టే వచ్చింది, వాచీలు స్టోర్లకి తిరిగొచ్చాయి. అంత పెద్ద పిటిషన్‌ని ఒక్క రాత్రిలో రాయలేరు కదా. రిలీజ్ ముందే రోల్‌బ్యాక్ స్క్రిప్ట్ రాసి పెట్టుకున్నట్టు అది సిద్ధంగా ఉండుండాలి.

మూడో ప్లాన్, డిజైన్ మార్పు. కోర్టులో వాదిస్తూనే, మార్చిన వాచ్ ఈ బ్యాన్ కిందికి రాదని చెప్పండి అంటూ కస్టమ్స్‌ని అడిగారు. జనవరి 12న కస్టమ్స్ సరేనంది. జనవరి 17న కోర్టు స్టే పొడిగించడానికి ఒప్పుకోలేదు. మర్నాడు సాయంత్రం నుంచి బ్యాన్ అమల్లోకి వచ్చింది. కానీ అప్పటికే బ్లడ్ ఆక్సిజన్ ఆపేసిన వాచీలు అమ్మకానికి రెడీ. మనం ఫీచర్ ఫ్లాగ్ ఆఫ్ చేసినట్టు ఆఫ్ చేశారు.

2025 ఆగస్టు 14న కొత్త పద్ధతి వచ్చింది. సెన్సర్ డేటాని వాచ్ తీసుకుంటుంది, లెక్క మాత్రం జత చేసిన ఐఫోన్‌లో జరుగుతుంది. దీనికీ ముందు కస్టమ్స్ అనుమతి తెచ్చుకున్నారు. కోడ్ ఎక్కడ రన్ అవ్వాలో నిర్ణయించింది ఇక్కడ లేటెన్సీ కాదు, పేటెంట్‌లోని వాక్యాలు.

నోట్ 7: ఇక్కడ కత్తిరించిన మాటలు పనిచేయవు

ఇప్పటిదాకా చెప్పింది పేటెంట్ల గొడవ. ఫోన్ కాలిపోతుంటే లెక్కలు మారతాయి. 2016 సెప్టెంబర్ 2న శాంసంగ్ సుమారు 25 లక్షల గెలాక్సీ నోట్ 7 ఫోన్లను మార్చి ఇస్తామని ప్రకటించింది. వేగంగానే స్పందించినట్టు అనిపించింది. కానీ అమెరికాలో ప్రోడక్ట్ ప్రమాదకరమని తెలిస్తే 24 గంటల్లో కన్జ్యూమర్ ప్రోడక్ట్ సేఫ్టీ కమిషన్‌కి చెప్పాలి, రీకాల్ ఆ కమిషన్‌తో కలిసి చేయాలి. అక్కడ అధికారిక రీకాల్ వచ్చింది సెప్టెంబర్ 15న. కంపెనీ సొంతంగా ముందుకెళ్లడాన్ని కమిషన్ చైర్మన్ బహిరంగంగానే తప్పుపట్టారు. ఆ మధ్యలో ఏ ఫోన్ సేఫ్, ఏది కాదు, వాడొచ్చా ఆపేయాలా అన్న గందరగోళం. మార్చి ఇచ్చిన ఫోన్లూ కాలడంతో అక్టోబర్‌లో ఉత్పత్తే ఆపేయాల్సి వచ్చింది. 2017 జనవరి 23న శాంసంగ్ ప్రెస్ మీట్ పెట్టి, రెండు కంపెనీల బ్యాటరీల్లో వేర్వేరు లోపాలున్నాయని బొమ్మలతో వివరించింది.

అందుకే నా దృష్టిలో మంచి క్రైసిస్ లాయర్ అంటే అన్నిటికీ “మాట్లాడొద్దు” అనేవాడు కాదు. పేటెంట్ కేసులో తక్కువ మాట్లాడమంటాడు. మనుషులకు దెబ్బ తగిలే చోట, ఈ రాత్రే రెగ్యులేటర్‌కి ఫోన్ చేయండి, ఫోన్ స్విచాఫ్ చేయమని కస్టమర్‌కి నేరుగా చెప్పండి అంటాడు.

మరి మన సంగతేంటి?

డ్యామేజ్ చిన్నదైంది సరే, మిగిలింది ఎవరి మీద పడింది? 2024 జనవరి 18 తర్వాత అమెరికాలో వాచ్ కొన్నవాళ్లకి ఒక ఫీచర్ తక్కువ వచ్చింది. మన ఇళ్లలో యూఎస్ నుంచి వచ్చే అన్నయ్యో, పిన్నో తెచ్చే వాచ్ కూడా అదే కావచ్చు. పార్ట్ నంబర్ చివర ఎల్‌డబ్ల్యూ/ఏ అని ఉంటే అది బ్లడ్ ఆక్సిజన్ ఆపేసి అమ్మిన యూనిట్. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు తప్పకుండా చూడండి.

ఇకపై ఏ కంపెనీ స్టేట్‌మెంట్ వచ్చినా నాలుగు విషయాలు వెతకండి. ఏ మోడళ్లు, ఏ దేశం, ఏ తేదీ నుంచి, ఇప్పటికే కొన్నవాళ్ల సంగతేంటి. వీటిలో ఏది లేదో అక్కడే లాయర్ కత్తెర పడిందని అర్థం. మీరు అడగాల్సిన ప్రశ్న కూడా అదే.

మీ ఫోన్‌కే సమస్య వస్తే మీరూ లీగల్ హోల్డ్ పెట్టుకోండి. బిల్లు, ఐఎంఈఐ నంబర్, సర్వీస్ సెంటర్ జాబ్ షీట్, చాట్ స్క్రీన్‌షాట్లు అన్నీ దాచండి. పాడైన ఫోన్ ఇచ్చే ముందు ఫొటోలు తీయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కాల్ చేయొచ్చు. అక్కడ తేలకపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు. వస్తువు ధర 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. లాయర్‌ని పెట్టుకోకుండా మీ కేసు మీరే చెప్పుకోవచ్చు. కంపెనీకి ఎంత పెద్ద లాయర్ ఉన్నా, తేదీలతో సహా మీ దగ్గరున్న కాగితాలను కాదనడం అంత తేలిక కాదు.