కాయితాల కవరు

సోమవారం పొద్దున నల్లగొండ కలెక్టరేట్ వైపు వచ్చే బస్సుల్లో, మహబూబ్‌నగర్ వైపు పోయే ఆటోల్లో ఒక సంగతి గమనించవచ్చు. బట్టల దుకాణం కవరొకటి మెలితిప్పి, ముడివేసి, చంకలో పెట్టుకున్న మనిషి తప్పక కనబడతాడు. అందులో ఇంటిల్లిపాది ఆధార్ జిరాక్సులు, బ్యాంకు పుస్తకం, కరెంటు బిల్లు, రెండు పాస్‌పోర్టు ఫొటోలు, ఎన్నడో ఇచ్చిన అర్జీకి రసీదు ఉంటాయి. కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి పోతున్న మనిషి అన్నమాట. ఆ రోజు కూలి పోయినట్టే. బస్సు టికెట్టు, జిరాక్సు, మధ్యాహ్నం చాయ్ ఖర్చు పైన. ఆడవాళ్ళకు 2023 డిసెంబర్ 9 నుంచి బస్సు ఉచితం కావడంతో ఈ ప్రయాణం కొంత తేలికైంది. అది చిన్న మేలు కాదు.

ఈ రెండు ఉమ్మడి జిల్లాలకు పథకాలు కొత్త కాదు. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీని ముందుగా మూడు వెనుకబడిన జిల్లాల్లో మొదలుపెట్టారు. అందులో మహబూబ్‌నగర్ ఒకటి. ఆసరా పింఛన్లు 2014 నవంబర్ 8న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా కొత్తూరులో ప్రారంభమయ్యాయి. 2025 జనవరి 26న నాలుగు పథకాలకు ఒకేసారి కొబ్బరికాయ కొట్టింది కోస్గి మండలం చంద్రవంచలో. ఆ ఏడాది ఉగాదికి సన్నబియ్యం పంపిణీ హుజూర్‌నగర్‌లో, జులైలో కొత్త రేషన్ కార్డుల పంపిణీ తిరుమలగిరిలో మొదలైంది. ఆరంభాలన్నీ మన గడపలోనే. అయినా ఊళ్ళలో ఈనాటికీ వినబడే ప్రశ్న ఒక్కటే: "మాకేమేమి వస్తయి సారూ?"

ఆ ప్రశ్నకు మొత్తం జవాబు చెప్పగల ఆఫీసు ఒక్కటి కూడా లేదు. ఎవరి కౌంటర్‌లో వారి పథకం ఉంటుంది. పక్క గదిలో ఏముందో వారికి పట్టదు, చెప్పాలన్న నియమం కూడా లేదు. పేదవాడి బాధల్లో లెక్కకు రాని బాధ ఇదేనని నాకు అనిపిస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఊహించి చెబుతున్నదే, కానీ దేవరకొండ చుట్టుపక్కల ఏ తండాలో అడిగినా ఇలాంటి ఇల్లొకటి చూపిస్తారు. నలభై ఏళ్ళ మనిషి హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనిలో పైనుంచి పడి చనిపోయాడు. భార్య, ఇద్దరు పిల్లలు, ఊళ్ళో రెండెకరాల చెలక. పన్నెండో రోజు అయిపోగానే ఆమె ఎక్కడికి పోవాలి?

మొదట మరణ ధ్రువపత్రం కావాలి. దాన్ని ఇచ్చేది ఊరి పంచాయతీ కాదు, ప్రాణం పోయినచోటి నగరపాలక సంస్థ. 21 రోజుల్లో నమోదైతే ఖర్చులేదు. దాటితే రుసుము, ఏడాది దాటితే పై అధికారి ఉత్తర్వు. మైలలో ఉన్న ఇంటికి ఈ లెక్క ఎవరు చెబుతారు? ఆయనకు భవన నిర్మాణ కార్మికుల బోర్డు కార్డు ఉండి ఉంటే ప్రమాద మరణానికి లక్షల్లో పరిహారం వస్తుంది, దానికి కార్మికశాఖ ఆఫీసుకు పోవాలి. గడిచిన ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసిన ఎవరైనా ఆ కార్డుకు అర్హులే. కానీ అడ్డా మీద నిలబడే మనవాళ్ళలో కార్డు తీసుకున్నవారికంటే దాని పేరే విననివారు చాలామంది. రెండెకరాలు ఆయన పేరిట పాస్‌పుస్తకంలో ఉంటే రైతుబీమా 5 లక్షలు. 2018 ఆగస్టు 15 నుంచి 18–59 ఏళ్ళ పట్టాదారులందరికీ ఈ బీమా ఉంది. దానికి వ్యవసాయ విస్తరణ అధికారిని కలవాలి. భూమి ఇంకా మామ పేరిటే ఉంటే, విరాసత్ (వారసత్వ పట్టా మార్పిడి) చేసుకోకపోతే, ఒక్క రూపాయి రాదు.

తాశిల్దారు ఆఫీసులో ఇంకొకటి ఉంది. సంపాదించే మనిషి 18–59 ఏళ్ళ మధ్య చనిపోతే పేద కుటుంబానికి కేంద్రం ఒకసారి 20 వేలు ఇస్తుంది. జాతీయ కుటుంబ ప్రయోజన పథకమని దాని పేరు. అంత్యక్రియలకు తెచ్చిన అప్పు తీర్చడానికి సరిగ్గా సరిపోయే డబ్బు. అయినా నోటికి తిరగని ఆ పేరు ఊళ్ళలో దాదాపు ఎవరికీ తెలియదు. ఆ తర్వాత పంచాయతీ ద్వారా వితంతు పింఛన్, నెలకు 2,016 రూపాయలు. అర్జీ ఇచ్చిన నెలలోనే అది రాదు, ప్రభుత్వం కొత్త మంజూర్లు తెరిచేదాకా ఎదురుచూడాలి. పిల్లలకు గురుకులం కావాలంటే ఐదో తరగతి ప్రవేశ పరీక్షకు గడువులోపు దరఖాస్తు చేయాలి.

ఒక్క చావుకు ఇన్ని గడపలు. ఒక గడపలో మనిషి ఇంకో గడప చూపించడు. మరణం ఎక్కడ నమోదైనా, ఆ ఇంటికి ఏమేమి రావాలో, ఎవరిని ఎప్పటిలోగా కలవాలో రాసిన కాగితమొకటి పంచాయతీ కార్యదర్శి ఆమె చేతికిస్తే ఎంత ఖర్చవుతుంది? కొత్త పథకం కంటే ముందు ఆ కాగితం రావాలని నా కోరిక.

ఇక రేషన్ కార్డు. బియ్యం కోసమే పుట్టినా ఇప్పుడది అన్ని తలుపులకూ తాళంచెవి. ఆరోగ్యశ్రీకి అదే, 500 రూపాయల సిలిండర్‌కు అదే, 200 యూనిట్ల ఉచిత కరెంటుకూ అదే. పల్లెలో ఏడాదికి లక్షన్నర లోపు ఆదాయం, మూడున్నర ఎకరాల లోపు తరి లేదా ఏడున్నర ఎకరాల లోపు మెట్ట ఉన్నవారు అర్హులు. ఏళ్ళ తరబడి కొత్త కార్డులు ఆగిపోవడంతో ఎన్నో ఇళ్ళలో కోడలి పేరు తల్లిగారింటి కార్డులోనే ఉండిపోయింది. అక్కడ తీయిస్తేనే ఇక్కడ ఎక్కేది. తీయించాక ఎక్కకపోతే ఆమె రెండిళ్ళకూ కాకుండా పోతుంది. అంతకుముందు లక్షల కార్డులు కంప్యూటర్ జాబితాలు పోల్చి తీసేశారు. ఇంటికి వచ్చి చూసిన మనిషి లేడు. రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను ఊరూరా తిరిగి మళ్ళీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది.

దివ్యాంగుల పింఛన్ సంగతి ఇంకొకటి. మర్రిగూడ, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్ళకు వంగిన ఎముకల కథ లోకమంతటికీ తెలిసిందే. ఆ వంకర ఎంతో వైకల్య నిర్ధారణ శిబిరంలో డాక్టర్లు తేల్చాలి. 40 శాతం అంటే నెలకు 4,016. 38 అంటే ఏమీ లేదు. మంచం దిగలేని నొప్పికి శాతం కట్టడం ఎంత కష్టమో ఆ డాక్టర్లకూ తెలుసు.

పాలమూరు వలసకూలీది వేరే చిక్కు. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే అన్నప్పుడు ఆ ఒక్కరోజు ఇంట్లో ఉండడం కోసం ముంబై, భివండీల నుంచి జనం బస్సులెక్కి వచ్చారు. పేరు పోతుందన్న భయం అంతటిది. భూమిలేని కూలీకి ఏటా 12 వేలు ఇస్తామన్న ఇందిరమ్మ ఆత్మీయ భరోసాకు ముందటి ఏడాదిలో 20 రోజులైనా ఉపాధిహామీ పని చేసి ఉండాలన్నారు. ఊళ్ళో పని దొరకక ఏడాదంతా ముంబైలో ఇటుకలు మోసినవాడికి ఆ 20 రోజులు ఎక్కడివి? అందరికంటే నిరుపేద అతడే, జాబితా బయట ఉన్నదీ అతడే. ఈ నిబంధన రాసినవారు ఒక్కసారి నారాయణపేటలో ముంబై బస్సు కదిలే సమయానికి నిలబడి చూడాల్సింది.

మరి దారి చూపేదెవరు? నిజం చెప్పాలంటే మీసేవ కుర్రాడు, ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, మహిళా సంఘంలో లెక్కలు రాసే అమ్మాయి. వీళ్ళు లేనిచోట పైరవీకారు దిగుతాడు. 2023 చివర మొదలైన ప్రజాపాలనలో పథకాల దరఖాస్తులు కోటికి పైగా వచ్చాయి. ఫారం ఉచితమే అయినా జిరాక్సు దుకాణాల్లో కొనుక్కున్నవారు కోకొల్లలు. 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ ఎన్నికల దాకా ఊళ్ళకు సర్పంచులే లేరు. ఇంటి ముందు నిలబడి "నా పేరెందుకు రాలే?" అని నిలదీయడానికి మనిషే లేకుండా పోయాడు.

కవరు పట్టుకుని బయల్దేరేవారికి తెలిసినవారు చెప్పే మాట ఒకటే: అర్జీ ఏ ఆఫీసులో ఇచ్చినా ముద్ర, తేదీ ఉన్న రసీదు లేకుండా మెట్లు దిగొద్దు. మళ్ళీ పోయినప్పుడు మాట్లాడేది ఆ రసీదే.

ఇంకొకటి నేను నమ్మేది గ్రామసభ. 2025 జనవరి 21 నుంచి 24 దాకా ఊరూరా షామియానాల కింద లబ్ధిదారుల జాబితాలు చదివారు. చాలాచోట్ల గొడవలయ్యాయి. ఆ గొడవ నాకు మంచిదిగానే తోచింది. కంప్యూటర్ ముందు నిలబడి ఎవరూ ఎవరి కోసమూ అరవరు. షామియానా కింద మాత్రం పేర్లు చదవడం అయ్యాక, సొంత పేరు ఉందో లేదో చూసుకున్న ముసలమ్మ ఒకామె లేచి, వలసపోయి తాళం వేసి ఉన్న పక్కింటి వైపు చెయ్యి చూపి, "గా ఇంటోళ్ళ పేరేది సారూ?" అని అడగగలదు.