లినక్సును లోతుగా నేర్చుట ఎట్లు?

బాలలారా! నేడు పాఠశాలలలోను, బ్యాంకులలోను, గ్రామములలోని సేవాకేంద్రములలోను కంప్యూటర్లు కనబడుచున్నవి. మీటలు నొక్కి వానిచేత పని చేయించుకొనువారు పెక్కుమంది. లోపల నేమి జరుగుచున్నదో ఎరిగినవారు కొలదిమంది. ఆ కొలదిమందిలో చేరగోరు విద్యార్థికి లినక్సు మంచి సాధనము. ఏలయన దాని మూలరచన యంతయు బహిరంగము. దానిని ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, ఇతరులకు పంచిపెట్టవచ్చును.

కంప్యూటరులోని యంత్రభాగములకును, మనము వాడు కార్యక్రమములకును నడుమ నిలిచి అన్నిటిని నడిపించుదానిని ఆపరేటింగు సిస్టము అందురు. 1983లో అమెరికా దేశమున రిచర్డ్ స్టాల్‌మన్ అట్టిదానిని అందరికిని స్వేచ్ఛగా లభింపజేయుటకు 'గ్నూ' అను ఉద్యమమును ప్రకటించెను. 1991లో ఫిన్లాండు దేశమున లైనస్ టోర్వాల్డ్స్ అను ఇరువదియొక్క యేండ్ల విద్యార్థి ఒక కెర్నెలును వ్రాసి లోకమునకు వెల్లడించెను. అదియే లినక్సు. ఈ రెండు ప్రయత్నముల కలయికయే నేటి మన సాధనము.

కెర్నెలు అనగా గింజలోని పప్పు. మన నల్లమాడ చేలలో పండు వేరుసెనగకాయను తలచుకొనుడు. లోపలి పప్పును ఆంగ్లమున కెర్నెలు అనియు, పైతొక్కను షెల్లు అనియు అందురు. లినక్సులోను మన ఆజ్ఞలను గ్రహించి కెర్నెలుచేత పని చేయించు భాగమునకు షెల్లు అనియే పేరు. పప్పు ఒక్కటే యైనను దానినుండి నూనె తీయువారును, ఉండలు కట్టువారును కలరు గదా! అట్లే ఒకే కెర్నెలుకు వేర్వేరు ఉపకరణములను చేర్చి పలువురు పలువిధములైన లినక్సులను సిద్ధపరచిరి. వీనినే డిస్ట్రిబ్యూషన్లు అందురు.

వీనిలో దేనిని ఎన్నుకొనవలెను? పని సులభముగా జరుగుటయే కోరువారికి 2004లో వెలువడిన ఉబుంటు వంటివి చాలును. అవి చిక్కులను మన కంటబడనీయవు. నేర్చుకొనగోరువానికి ఆ చిక్కులే పాఠములు. కావున ఏది తక్కువ దాచునో అదియే ఎక్కువ నేర్పునని గ్రహింపవలెను.

మొదటి మెట్టు డెబియన్. 1993లో ఇయన్ మర్డాక్ ప్రారంభించిన దీనిని పలుదేశముల స్వచ్ఛంద సేవకులు పోషించుచున్నారు. ఉబుంటు దీనినుండియే పుట్టినది. మన దేశమున సీ-డాక్ సంస్థ నిర్మించిన బాస్ లినక్సునకును ఇదియే ఆధారము. ఆజ్ఞలను టైపు చేయుట, 'మ్యాన్' అను ఆజ్ఞతో వివరణలు చదువుట, 'ఈటీసీ' అను సంచయములోని అమరిక ఫైళ్లను పరిశీలించుట దీనిపై అభ్యసింపవచ్చును.

రెండవ మెట్టు 2002లో వెలువడిన ఆర్చ్. దాని మార్గదర్శిని ననుసరించి, డిస్కును విభాగించుట మొదలు వాడుకరిని ఏర్పరచుట వరకు ఒక్కొక్క పనిని ఆజ్ఞలతో మనమే చేయుదుము. అందువలన మీట నొక్కినది మొదలు తెర వెలుగువరకు జరుగు క్రమము బోధపడును.

మూడవ మెట్టు 'లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్'. ఇది సిద్ధమైన డిస్ట్రిబ్యూషన్ కాదు. 1999లో జెరార్డ్ బీక్‌మన్స్ ప్రారంభించిన గ్రంథము. దీనిని చదివి, మూలరచనలను తెచ్చుకొని, ఒక్కొక్క భాగమును మనమే నిర్మించుకొనవలెను. ఇందులకు ఓర్పు మిక్కిలి కావలెను.

ఇంత శ్రమకు ఫలమేమి? హైదరాబాదునందలి 'స్వేచ్ఛ' సంస్థను చూడుడు. ఆ పేరుతోనే 2005లో తెలుగు ఆపరేటింగు సిస్టము వెలువడినది. మూలరచన మూసియుంచబడినచో, తెరపై తెలుగు కనబడుట యజమాని దయపై ఆధారపడియుండెడిది. అది తెరచియుండుటచేతను, దానిని ఎరిగినవారు మనలో నుండుటచేతను ఆ పని మనవారిచేతనే సాధ్యమైనది.

ఒక హెచ్చరిక. ముఖ్యమైన పత్రములున్న కంప్యూటరుపై ఈ ప్రయోగములు చేయరాదు. డిస్కును విభాగించునపుడు ఉన్నదంతయు చెరిగిపోవచ్చును. పెద్దల అనుమతితో పాత కంప్యూటరునో, కంప్యూటరు లోపల నడచు వర్చువల్ మెషీన్‌నో వాడుడు.

మరియు వారమునకొక డిస్ట్రిబ్యూషన్ మార్చుట తగదు. కరవుసీమలో పుట్టిన మనకు బావి సంగతి తెలియనిది కాదు. పదిచోట్ల పదేసి అడుగులు త్రవ్వినవానికి మట్టియే మిగులును. తగినచోట నిలిచి లోతుగా త్రవ్వినవానికి నీరు దొరకును. విద్యయు అట్టిదే.