మీకు తెలుసా? కాలిఫోర్నియా కథ చెప్పే పాత కాగితాలు, ఫొటోలు

కాలిఫోర్నియా అంటే మనవాళ్లకు హాలీవుడ్, సిలికాన్ వ్యాలీ. ఫ్రీమాంట్‌లోనో, శాన్ హోజేలోనో మేనల్లుడో మనవరాలో ఉన్న ఇళ్లు తెలుగునాట చాలానే ఉన్నాయి. కానీ ఆ రాష్ట్రం ఎలా పుట్టిందో, ఎవరిని తొక్కి పెరిగిందో తెలిసినవాళ్లు తక్కువ. అది తెలియాలంటే ఆనాటి డైరీలు, చట్టాలు, విచారణ రికార్డులు, ఫొటోలు చూడాలి. వాటిని రాసిందెవరు, తీయించిందెవరు అన్నది కూడా అడుగుతూ చూడాలి.

● 17వ శతాబ్దంలో ఐరోపాలో గీసిన చాలా పటాల్లో కాలిఫోర్నియా ఒక ద్వీపం! అంతకుముందు గీసినవాళ్లు దాన్ని నేలకు కలిపి సరిగ్గానే చూపించారు. తర్వాతివాళ్లు తప్పుదారి పట్టి, ఒకరి పటం చూసి ఒకరు గీస్తూ వందేళ్లకు పైగా ఆ తప్పును మోశారు. చివరికి 1747లో స్పెయిన్ రాజు ఆరో ఫెర్డినాండ్, అది ద్వీపం కాదని ఆజ్ఞాపత్రమే జారీ చేయాల్సి వచ్చింది. కాలిఫోర్నియా అన్న పేరు పుట్టింది కూడా ఒక కల్పిత ద్వీపం నుంచే. కలాఫియా అనే రాణి ఏలే బంగారు దీవి కథ ఒకటి 16వ శతాబ్దం మొదట్లో స్పెయిన్‌లో అచ్చయింది. ఆ దీవి పేరునే ఈ నేలకు పెట్టారు.

● బంగారం దొరికిన తేదీని ఖాయం చేసింది ఒక కూలీ డైరీ. కొలోమాలో రంపపు మిల్లు కాలువలో మెరిసే ముక్కలు చూసింది జేమ్స్ మార్షల్. ఏ రోజు చూశాడో ఆయనకే సరిగ్గా గుర్తులేదు. అక్కడే పనిచేస్తున్న హెన్రీ బిగ్లర్ మాత్రం ఆ పూట తన డైరీలో, కాలువలో బంగారంలాంటి లోహమేదో దొరికిందని తప్పుల స్పెల్లింగుతోనే రాసిపెట్టుకున్నాడు. దాన్ని బట్టే 1848 జనవరి 24 అని తేలింది. సరిగ్గా తొమ్మిది రోజులకు, ఫిబ్రవరి 2న, యుద్ధంలో ఓడిన మెక్సికో ఈ నేలను అమెరికాకు అప్పగిస్తూ ఒప్పందం మీద సంతకం చేసింది. తాము ఏం వదులుకుంటున్నామో మెక్సికోకు తెలియదు, ఏం చేజిక్కిందో అమెరికాకూ తెలియదు.

● 1849లో మాంటెరేలో 48 మంది ప్రతినిధులు కూర్చుని రాసిన తొలి రాజ్యాంగం ఇంగ్లిష్, స్పానిష్ రెండింటిలోనూ వెలువడింది. చట్టాలన్నీ రెండు భాషల్లోనూ అచ్చువేయాలని అందులోనే రాసుకున్నారు. 1879లో కొత్త రాజ్యాంగం వచ్చాక స్పానిష్‌కు ఆ చోటు పోయింది.

● అదే తొలి రాజ్యాంగం బానిసత్వాన్ని నిషేధించింది. ఈ ఒక్క కాగితం చదివి ఆగిపోతే ఎంత మంచి రాష్ట్రమో అనుకుంటాం. పక్కనే 1850 ఏప్రిల్‌లో చేసిన మరో చట్టం పెట్టి చదవాలి. పేరు చూస్తే ఆదివాసుల పాలన, రక్షణ కోసం చేసిన చట్టం. లోపల ఉన్నది వేరు. పనిలేకుండా తిరుగుతున్నాడన్న నెపంతో ఆదివాసిని పట్టుకుని, ఎక్కువ పాడినవాడికి కొన్నాళ్లపాటు వెట్టికి అప్పగించవచ్చు. ఆదివాసుల పిల్లల్ని యుక్తవయసు వచ్చేదాకా తెల్లవాళ్లు తమ దగ్గర పనికి ఉంచుకోవచ్చు. ఆదివాసి సాక్ష్యం మీద తెల్లవాడికి శిక్ష వేయకూడదు.

మరుసటి ఏడాది జనవరిలో గవర్నర్ పీటర్ బర్నెట్ శాసనసభకు పంపిన సందేశంలో, ఆదివాసి జాతి అంతరించేదాకా యుద్ధం సాగుతూనే ఉంటుందని రాశాడు. ఇది ఎవరో శత్రువు మోపిన నింద కాదు, సభ రికార్డుల్లో అచ్చులో ఉన్న మాట. 1840ల చివర దాదాపు లక్షన్నర ఉన్న ఆదివాసులు 1870 నాటికి సుమారు 30 వేలకు పడిపోయారు. రాష్ట్రం తరఫున గవర్నర్ క్షమాపణ చెప్పింది 2019లో. నన్నడిగితే కాలిఫోర్నియా చరిత్ర చదవదలచినవాళ్లు బంగారంతో కాదు, ఈ చట్టంతో మొదలుపెట్టాలి.

● ఒక లోయను కాపాడటంలో ఫొటోలకూ వాటా ఉంది. 1861లో కార్ల్‌టన్ వాట్కిన్స్ పెద్ద పెద్ద గాజు పలకలను కంచరగాడిదల మీద యోసెమిటీ లోయకు మోయించి ఫొటోలు తీశాడు. అవి తూర్పు తీరందాకా వెళ్లి, ఆ లోయను చూడనివాళ్లను కూడా కదిలించాయి. 1864 జూన్ 30న లింకన్ ఆ లోయను ప్రజల కోసం కాపాడే చట్టం మీద సంతకం చేశాడు. 1906 ఏప్రిల్ 18న శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం తర్వాత చెలరేగిన మంటల్లో వాట్కిన్స్ స్టూడియో నెగటివ్‌లతో సహా బూడిదైంది. అప్పటికే ఆయనకు చూపు దాదాపు పోయింది. ఆ రోజు వీధిలో చేతికర్రతో ఉన్న ఆయన్ను పట్టుకుని నడిపిస్తున్న ఫొటో ఒకటి మిగిలింది.

● అవే మంటల్లో నగరపు జనన రికార్డులూ కాలిపోయాయి. 1882 నుంచి చైనా కూలీల రాకను చట్టం నిషేధించింది. రికార్డులు పోవడంతో, తాము ఇక్కడే పుట్టామని చెప్పుకునే దారి చాలామంది చైనీయులకు దొరికింది. అలా పౌరులైనవారి కొడుకులమంటూ కాగితాల మీద మరెందరో వచ్చారు. వాళ్లను పట్టుకోవడానికి 1910 నుంచి 1940 దాకా ఏంజెల్ ద్వీపంలో నిర్బంధించి విచారించేవారు. మీ ఇంటి ముందు మెట్లెన్ని? బియ్యం డబ్బా ఏ మూలన ఉంటుంది? పక్కింట్లో ఎవరుంటారు? ఇలాంటి ప్రశ్నలు గుక్క తిప్పుకోకుండా అడిగేవారు. బంధువు చెప్పిన జవాబుతో తేడా వస్తే ఓడెక్కించి వెనక్కి పంపడమే. ఆ ప్రశ్నలు, జవాబులు నేటికీ జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

అధికారులు రాసుకోనిది అక్కడి గోడల మీద ఉంది. నిర్బంధంలో ఉన్నవాళ్లు చెక్కగోడల మీద చైనీస్‌లో పద్యాలు చెక్కారు. కూల్చడానికి సిద్ధంగా ఉన్న ఆ భవనంలో 1970లో ఒక పార్కు ఉద్యోగి వాటిని గమనించి బయటపెట్టడంతో భవనం బతికింది.

● 'వలస తల్లి' ఫొటో మీరూ చూసే ఉంటారు. ఇద్దరు పిల్లలు చెరో భుజానికి ముఖం తిప్పుకుని ఉంటే, చెంపకు చెయ్యి ఆనించుకుని దూరంగా చూస్తున్న తల్లి. 1936 మార్చిలో నిపోమోలో బఠాణీ కోసే కూలీల గుడారాల దగ్గర ప్రభుత్వం కోసం డొరొతియా లాంగ్ తీశారు. పత్రికలో ఆ ఫొటోలు రాగానే 20 వేల పౌన్ల ఆహారం అక్కడికి చేరింది. అప్పటికే ఆ కుటుంబం వేరే చోటికి వెళ్లిపోయింది. లాంగ్ ఆమె పేరు అడగలేదు. తిండి కోసం కారు టైర్లు అమ్ముకున్నారని రాసుకున్నారు, అది నిజం కాదని కుటుంబం చెప్పింది. ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని, చెరోకీ ఆదివాసి అని లోకానికి తెలిసింది 1978లో. ఫొటో కుడివైపు కింద మూలన గుడారపు గుంజను పట్టుకున్న బొటనవేలు ఉండేది. బాగా లేదని దాన్ని తర్వాత చెరిపించారు. మసకగా దాని జాడ ఇప్పటికీ కనిపిస్తుంది, చూడండి.

● 1942లో జపాన్ మూలాలున్న సుమారు 1,20,000 మందిని ప్రభుత్వం శిబిరాల్లో బంధించింది. ఆ తరలింపును ఫొటోలు తీయమని లాంగ్‌కే అప్పగించి, అవి తమకు నచ్చకపోయేసరికి యుద్ధం ముగిసేదాకా బయటికి రానివ్వలేదు. మాంజనార్ శిబిరంలో బందీగా ఉన్న ఫొటోగ్రాఫర్ తోయో మియాతకే దొంగచాటుగా ఒక లెన్సు లోపలికి తెచ్చుకుని, చెక్కతో కెమెరా చేసుకుని శిబిరాన్ని చిత్రించాడు. బయటివాళ్లు తీసిన ఫొటోలనూ, లోపల ఉన్నవాడు తీసినవాటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

● బ్రిటిష్ పాలన మీద తిరుగుబాటు ప్రకటించిన 'గదర్' పత్రిక తొలి సంచిక శాన్‌ఫ్రాన్సిస్కోలోనే అచ్చయింది, 1913 నవంబర్ 1న. అప్పటి గదర్ వీరుల్లో ఎక్కువమంది పంజాబీలు. మనవాడూ ఒకాయన ఉన్నారు. కనిగిరికి చెందిన దరిశి చెంచయ్య చదువు కోసం అమెరికా వెళ్లి గదర్ పార్టీలో చేరారు. ఆయన ఆత్మకథ 'నేనూ నా దేశం' తెలుగులోనే ఉంది. ఆనాటి కాలిఫోర్నియాను మన భాషలో చూపించే ఇలాంటి పుస్తకాలు బహు అరుదు, దొరికితే వదలకండి.

లాంగ్ ఫొటోలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో, కాలిఫోర్నియా గ్రంథాలయాలు, మ్యూజియాల సేకరణలెన్నో 'కాలిస్ఫియర్' సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. మీవాళ్లు ఉంటున్న ఊరి పేరు కొట్టి మొదలుపెట్టండి. అలాగే, మీ ఇంట్లో ముందుతరంలో అమెరికా వెళ్లినవాళ్ల ఉత్తరాలు, ఫొటోలు ఉంటే వాటిని పారేయకండి. ఫొటో వెనక ఎవరెవరు ఉన్నారో, ఏ ఊళ్లో, ఏ ఏడాది తీశారో చెప్పగల పెద్దవాళ్లు ఉండగానే రాసిపెట్టండి.